కొరియా కోడిలో నేను కలిపింది

మీరెవరో నాకు తెలియదు. నాకున్న ధైర్యమల్లా అదే. తెలిసినవాళ్లకు చెప్పాల్సిన మాటను ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకుని తిరిగాను. దాన్ని పెట్టుకునే వండాను, తిన్నాను, పెళ్లిళ్లకు వెళ్లి నవ్వాను. రాయి కట్టిన వల నీటి అడుగున ఉంటే పైకి ఏమీ కనపడదు. లాగినప్పుడు చేతులకు తెలుస్తుంది.

ముందే చెప్పేస్తాను. ఒక మనిషి గొంతు పోవడానికి కారణం నేను. ఆ నింద నా కన్నకూతురి మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నది కూడా నేనే. ఈ రెండింటిలో ఏది పెద్దదని నన్నడిగితే మొదట్లో మొదటిదే అనేదాన్ని. ఇప్పుడు అలా అనలేను.

మాది చేపల మీద బతికిన కుటుంబం. మా మామగారు సముద్రం మానేసి నరసన్నపేట వచ్చి ఎండుచేపల వ్యాపారం పెట్టారు. నేను పెద్దకోడలిగా ఆ ఇంట్లో కాలు పెట్టినప్పుడు వంటగది, పడకగది, దేవుడి మూల అన్నీ ఒకటే వాసన. మాకు అది వాసన కాదు, ఇల్లు. ఎండురొయ్యలు దోరగా వేయించి దంచిన పొడి ఎప్పుడూ స్టీలు డబ్బాలో ఉండేది. వంకాయలోనూ అదే, చారులోనూ అదే.

మా మరిది గజపతినగరం అమ్మాయిని ఇష్టపడి చేసుకుని, ఆ ఊళ్లోనే కాపురం పెట్టాడు. పేరు భారతి. గుడిలో సన్నాయి వాయించే ఇంటి పిల్ల. విజయనగరంలో సంగీతం నేర్చుకుంది. పాడితే పక్కింటివాళ్లు మిక్సీ ఆపి వినేవారు. నాకు సంగీతం తెలియదు, కానీ ఆమె పాడుతున్నప్పుడు చేతిలో పని ఆగిపోవడం నాకూ జరిగింది. అప్పుడు నాకు నా మీదే కోపం వచ్చేది.

పెళ్లయ్యాక మొదటిసారి మా ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు భారతి రొయ్యల వేపుడు పక్కకు జరిపింది. చిన్నప్పుడు తింటే గొంతు వాచి ఊపిరాడలేదని, డాక్టరు జన్మలో ముట్టవద్దన్నాడని చెప్పింది. మా అత్త కాసేపు నోరు తెరుచుకుని చూసి, ఆ తర్వాత పగలబడి నవ్వింది. నవ్వింది కానీ, మర్నాటి నుంచి చిన్నకోడలికి వేరే గిన్నెలు పెట్టింది. భారతి వస్తుందని తెలిస్తే చాలు, ఆ గిన్నెలు చింతపండుతో తోమి డాబా మీద ఎండబెట్టేది. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి మరీ ఎండబెట్టేది.

నేను జ్వరంతో మంచం పట్టినప్పుడు నా కంచం నేనే లేచి కడుక్కున్నాను ఆ ఇంట్లో. పచ్చి బాలింతగా రొయ్యలు ఒలిచాను. నా కోసం ఎవరూ ఒక గిన్నె తోమలేదు. ఇలా రాస్తుంటే ఇది కారణంగా చూపించుకుంటున్నట్టు నాకే అనిపిస్తోంది. కారణమే. కానీ కారణం ఉంటే మాత్రం?

అంతకన్నా లోపలిది ఇంకొకటి ఉంది. నా కూతురు దివ్య.

దివ్య అప్పటికి హైస్కూలు దాటుతున్న పిల్ల. మా ఇంట్లో పిన్ని అంటే దానికి పిచ్చి. సెలవులు వస్తే గజపతినగరం పరుగెత్తేది. భారతి దగ్గర పాట నేర్చుకునేది. ఇద్దరూ ఫోనులో కొరియా సీరియళ్లు చూసేవారు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ, ఆ భాషలో రెండు మాటలు పట్టుకుని వాళ్లలో వాళ్లే నవ్వుకునేవారు. నేను గదిలోకి వెళితే ఆపేవారు కాదు, కానీ నాకు అర్థమయ్యేలా చెప్పేవారూ కాదు. కడుపున పుట్టిన పిల్ల నా ఎదుటే ఇంకొకరి పిల్ల అయిపోవడం ఎలా ఉంటుందో మీకు తెలుసా? తెలియకపోతే అదృష్టవంతులు.

ఆ సీరియళ్లలో ఎర్రగా నిగనిగలాడే కోడి ముక్కలు తింటారట. పిన్ని వచ్చినప్పుడు అది చేసిపెడతానని దివ్య మాటిచ్చింది. ఆన్‌లైన్‌లో ఒక ఎర్ర డబ్బా తెప్పించింది. లోపల చిక్కటి మిరపకాయ ముద్ద, వాళ్ల భాషలో గోచుజాంగ్ అంటారట. వేలితో నాకి చూస్తే కారం, తీపి, పులిసిన వాసన కలిసి ఉన్నాయి. డబ్బా మీద అన్నీ కొరియా అక్షరాలే. దివ్య ఫోను దాని మీద పెట్టి తెలుగులోకి, ఇంగ్లీషులోకి మార్చుకుని ఒక్కొక్క మాటా పైకి చదివింది. బియ్యం, సోయా, మిరప, ఉప్పు. రొయ్యలు లేవు, చేపలు లేవు. వీడియోలో ఫిష్ సాస్ అని ఉంటే అది వద్దని పక్కన పెట్టేసింది. నా కళ్లతో చూశాను. ఆ పిల్ల ఎంత జాగ్రత్తగా చేసిందో ఈ భూమ్మీద సాక్ష్యం చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

అది ఆదివారం. పొద్దుటి నుంచి గాలి లేదు. వాన పడుతుందేమో అన్నట్టు ఆకాశం మూసుకుని ఉంది, పడలేదు. డాబా మీద ఎండబెట్టిన చేపల కోసం కాకులు తెగ అరుస్తున్నాయి. అత్త ఒకటే అదిలింపు. భారతి, మరిది వచ్చి ముందుగదిలో కూర్చున్నారు.

దివ్య వంటగది తలుపు దగ్గర కూడా ఎవరినీ నిలబడనివ్వలేదు, నన్ను తప్ప. ఎముక లేని కోడి ముక్కలకు ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పట్టించి, మొక్కజొన్న పిండిలో దొర్లించి నూనెలో వేయించింది. తీసి ఆరబెట్టి మళ్లీ వేయించింది. అలా రెండుసార్లు వేగితేనే పెంకులాగా కరకరలాడుతుందట. ఇంకో మూకుడులో ఎర్రముద్ద, సోయా సాస్, తేనె, దంచిన అల్లం వెల్లుల్లి, కాస్త వెనిగర్. అది బుడగలు బుడగలుగా ఉడుకుతుంటే ఇల్లంతా ఘాటు. కళ్లు మండాయి. మా అత్త గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఇదేటే, కోడిలో తేనె ఏత్తన్నావు? మీ కొరియావోలికి పిల్లల మందుకీ కూరకీ తేడా తెలీదేటే?"

"నువ్వెల్లు నానమ్మా, తిన్నాక మాట్లాడు," అంది దివ్య నవ్వుతూ.

దాని ముఖం ఎర్రబడి, చెమట పట్టి, ఎంత సంతోషంగా ఉందో. అలాంటి సంతోషం నా కోసం దాని ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. లేక చూసి గుర్తుపెట్టుకోలేదేమో.

స్నానం చేసి వస్తానంది. "అమ్మా, మంట పెంచకు. కొంచెం కలుపుతా ఉండు సాలు," అని గరిటె నా చేతిలో పెట్టింది. నమ్మి పెట్టింది.

నేను కలుపుతూ నిలబడ్డాను. ముందుగదిలో భారతి ఏదో కూనిరాగం తీస్తోంది. అత్త తోమి, ఎండబెట్టి తెచ్చిన ఆమె గిన్నెలు గట్టు మీద ఉన్నాయి. ఎదురుగా అరలో రొయ్యపొడి డబ్బా.

నాకు తెలియక చేశానని చెప్పను. ఆమెకు పడదని నాకు తెలుసు. నమ్మలేదు, అంతే. ఈ చేపలింటికి కోడలిగా వచ్చి మా తిండిని చిన్నచూపు చూడటానికి ఆడుతున్న నాటకమనుకున్నాను. తెలియకుండా తింటే ఏమీ కాదు, తిన్నాక అందరి ముందు నవ్వుతూ చెప్పాలి అనుకున్నాను. ఆ మాట కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను: సూసినావా భారతీ, రొయ్య తినీసినావు, ఏటయింది? ఆ మాటను నోట్లో రెండు మూడుసార్లు తిప్పి చూసుకున్నాను కూడా. దాని రుచి నాకు నచ్చింది.

ఒక చెంచా నిండా తీసి వేశాను. గరిటెతో కలిపాను. ఎర్ర ముద్దలో పొడి కనపడకుండా కలిసిపోయింది. ఆ ఘాటులో వాసనే తెలియలేదు. చెంచా కడిగి, తుడిచి, దాని చోట పెట్టాను. కడిగాను కదా. తప్పు కాదనుకునే మనిషి చెంచా ఎందుకు కడుగుతుంది?

దివ్య వచ్చింది. వేగిన ముక్కలు సాసులో వేసి ఎగరేసింది, పైన నువ్వులు చల్లింది. పిన్ని గిన్నెలో పిన్నికి మొదట పెట్టింది. భారతి ఊదుకుంటూ ఒక ముక్క తిని, కళ్లు మూసుకుని బొటనవేలు పైకెత్తింది. ఇంకొకటి తింది. నేను సిద్ధం చేసుకున్న మాట అనే క్షణం కోసం ఎదురుచూస్తున్నాను.

మొదట పెదవి గోక్కుంది. కారమనుకుని అందరూ నవ్వారు. దివ్య మజ్జిగ తెచ్చింది. తర్వాత భారతి మెడ పట్టుకుంది. కళ్ల చుట్టూ వాపు వస్తుండగానే చూశాను, ఎవరో లోపలినుంచి ఊదుతున్నట్టు. ఊపిరి పీలుస్తుంటే సన్నగా ఈల లాంటి శబ్దం వచ్చింది. అంత బాగా పాడే గొంతులోంచి ఆ శబ్దం. మరిది కుర్చీ తోసేసి లేచాడు.

మా వీధి చివర ఉన్న ముసలి డాక్టరు దగ్గరికి మోసుకెళ్లారు. ఆయన అడిగాడు, స్పష్టంగా అడిగాడు, రొయ్యలు గానీ పీతలు గానీ తిన్నదా అని. మరిది లేదన్నాడు. అత్త ఒట్టేసింది. దివ్య ఏడుస్తూ, "లేదండీ, అన్నీ నేనే చదివాను, అన్నీ నేనే వేశాను," అంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట. నోరు తెరిస్తే వచ్చే మాట. అయితే కారం పడలేదేమో, ముక్క అడ్డం పడిందేమో అంటూ ఆయన గొంతులో లైటు వేసి చూస్తూ కూర్చున్నాడు. భారతి పెదవులు నీలంగా మారుతున్నాయి. నేను చూస్తున్నాను. ఆమె చచ్చిపోతుందని నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదు? ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. భయం అని చెప్పుకుంటే తేలిగ్గా ఉంటుంది. కానీ ఆ క్షణంలో నాకు భయం ఉన్నట్టు గుర్తులేదు. ఖాళీగా ఉంది, అంతే. నా సంగతి తలుచుకుంటే నాకే వణుకు పుట్టేది అక్కడే.

చివరికి అంబులెన్సులో శ్రీకాకుళం తీసుకెళ్లారు. దారిలోనే ఊపిరి ఆగినంత పనైందట. పెద్దాసుపత్రిలో వాచిపోయిన గొంతులోకి ఎలాగో గొట్టం దింపారు. చాలా రోజులు ఆ గొట్టంతోనే ఉంది. బతికింది. గొట్టం తీశాక నోరు తెరిస్తే గాలి వచ్చింది, స్వరం రాలేదు. లోపల దెబ్బతిన్నదన్నారు. నెలల తర్వాత గొంతు కొంత వచ్చింది, కంచు పగిలినట్టు. మాట్లాడటానికి సరిపోతుంది. పాటకు కాదు.

డబ్బా మీద రాయనిది ఏదో ఆ ముద్దలో ఉండి ఉంటుందని అందరూ తేల్చేశారు. మా ఆయన దాన్ని తీసుకెళ్లి కాలవలో విసిరేసి వచ్చి, దివ్యను నోటికొచ్చినట్టు తిట్టాడు. దేశం కాని దేశం తిండి ఇంట్లోకి తెచ్చి మనిషి ప్రాణం మీదికి తెచ్చావన్నాడు. అది ఎదురు చెప్పలేదు. "నేను సరిగ్గా చదవలేదేమో నాన్నా," అంది. పక్కగదిలో నేను బట్టలు మడతపెడుతున్నాను. మడతపెడుతూనే ఉన్నాను.

భారతిని గజపతినగరం తీసుకెళ్లాక ఒకసారి చూడటానికి వెళ్లాను. వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాను, ఆ సంగతీ దాచను. మరిది టీ కోసం బయటికి వెళ్లాడు. భారతి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. పెదవుల దగ్గర చెవి పెడితే గానీ వినపడని గొంతు.

"అక్కా, ఒక మాట అడుగుతాను, ఏటనుకోకు. ఆ దినం కూరలో నివ్వేటైనా కలిపినావా? ఆ రుచి నాకు తెలుసు. సిన్నప్పుడు ఒకపాలి తిన్నాను. మరిసిపోలేదు."

"నానేటి కలుపుతాను? నాను పొయ్యికాడికే ఎల్లలేదు. అంతా నీ కూతురే సేసింది."

నీ కూతురే అన్నాను. దివ్య నీది అని ఎన్నిసార్లు మనసులో ఏడ్చానో, ఆ మాటే అడ్డుపెట్టుకుని తప్పించుకున్నాను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కళ్లు దించుకుంది.

"సరే అక్కా. పిల్లకాడ ఈ మాట అనకు. నా మీద దిగులుతో ఇప్పటికే సగమైపోనాది."

పొడి వేసిన చేయి ఒక క్షణం నాది కాదనుకుందామన్నా, ఈ అబద్ధం అలా కాదు. ఆలోచించి, సరైన మాట వెతికి, కళ్లలోకి చూసి చెప్పాను.

తర్వాతి ఏళ్ల గురించి ఏం చెప్పను? దివ్య పాట మానేసింది. పిన్నికి లేనిది నాకెందుకంది. చదువుకుంది, నెల్లిమర్లలో ఉద్యోగం వచ్చింది, అక్కడే గది తీసుకుంది. ఎవరికీ వండిపెట్టదు. ఆఫీసులో ఎవరైనా దాని డబ్బాలో చేయి పెట్టబోతే మూత వేసేస్తుంది. ఇంటికి వస్తే పొయ్యి దగ్గరికి రాదు, నేను పెట్టింది తినేసి కంచం కడిగేసి వెళ్లిపోతుంది. పిన్నికి మాత్రం వారం వారం ఫోను చేసేది. చేసినప్పుడల్లా ఎక్కడో ఒకచోట సారీ పిన్నీ అనేది. అవతలినుంచి ఆ పగిలిన గొంతు, పర్లేదమ్మా అనేది. ఇంటికి వచ్చినప్పుడు చేస్తే నేను వింటూ కూరగాయలు తరిగేదాన్ని.

ఈ మధ్య ఒకరోజు మధ్యాహ్నం ఫోను చేసింది. ఆఫీసులో తనతో పనిచేసే అమ్మాయి భోజనం తర్వాత వాంతులు చేసుకుని పడిపోయిందట. దివ్య వండింది కాదు, దివ్య తాకింది కూడా కాదు. పక్కన కూర్చుని తినడమే దాని పాపం. ఏడుస్తోంది. చిన్నప్పుడు కూడా అలా ఏడవలేదు.

"నా సేతిలోనే ఏదో ఉందమ్మా. నాను పక్కనుంటేనే మనుసులకి ఏటో అయిపోతన్నాది."

నేను వాకిట్లో చేపలు ఏరుతున్నాను. చేతులు తుడుచుకున్నానో లేదో గుర్తులేదు. ఆ మాట చెప్పాలని నేను నిర్ణయించుకోలేదు. అదే వచ్చేసింది.

"నీ సేతిలో ఏటీ లేదే. ఆ దినం నివ్వు తానానికి ఎల్లినప్పుడు నాను రొయ్యపొడి ఏసినాను. తెలిసే ఏసినాను."

అవతల ఏడుపు ఆగిపోయింది. వెనక ఎక్కడో బండి హారన్ వినపడుతోంది. "పిన్నికి తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. ఫోను పెట్టేసింది. ఆ రోజు నుంచి నా ఫోను ఎత్తడం లేదు.

మర్నాడే గజపతినగరం బస్సెక్కాను. భారతి ఇంటి ముందుగదిలో పిల్లలకు పాఠం జరుగుతోంది. ఆమె హార్మోనియం మెట్టు నొక్కి చూపిస్తుంది, పెద్దపిల్ల పాడుతుంది, మిగిలినవాళ్లు అందుకుంటారు. ఎవరైనా శ్రుతి తప్పితే నోటితో దిద్దదు, ఆ మెట్టునే మళ్లీ మళ్లీ నొక్కుతుంది. పాఠం అయ్యేదాకా చెప్పుల దగ్గర కూర్చున్నాను. పిల్లలు వెళ్లిపోయాక చెప్పాను. డబ్బా, చెంచా, డాక్టరు దగ్గర నోరు మూసుకోవడం, తర్వాత ఆడిన అబద్ధం, అన్నీ. చెబుతుంటే నా గొంతు మామూలుగానే ఉంది. అందుకు కూడా సిగ్గేసింది.

ఆమె హార్మోనియం మూత వేసింది.

"దివ్యకి సెప్పినావా?"

"సెప్పీసినాను."

"ఇన్నేళ్లూ ఆ పిల్ల సారీ అంటన్నాది, నాను పర్లేదు అంటన్నాను. ఎవులి తప్పుకి ఎవుల్ని మన్నించినాను నాను?"

కాళ్లు పట్టుకుందామని వంగబోయాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"ఎల్లు," అంది. అక్కా అనలేదు.

వచ్చేశాను. మరిదికి ఆమె చెబుతుందో లేదో, మా ఆయనకు తెలిసిన రోజు ఏమవుతుందో నాకు తెలియదు. రోజూ సాయంత్రం బండి శబ్దం వినగానే ఈరోజేనేమో అనుకుంటాను. దివ్య మళ్లీ అమ్మా అంటుందో లేదో కూడా తెలియదు. అనకపోయినా అడిగే హక్కు నాకు లేదు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ఇది ఎవరితోనూ అనలేను. ఆ రోజు తిరుగు ప్రయాణంలో విజయనగరం బస్టాండులో దిగినప్పుడు నాకు విపరీతంగా ఆకలి వేసింది. ఒక మనిషి గుండె పగలగొట్టి వస్తున్నాను, కన్నకూతురు దూరమైంది, అయినా ఆకలి. బండి దగ్గర నిలబడి వేడి వేడి ఇడ్లీ తిన్నాను, మళ్లీ అడిగి పెట్టించుకుని తిన్నాను. చాలా ఏళ్ల తర్వాత ఒక తిండి నాకు రుచిగా అనిపించింది. కన్నీళ్లు కారుతున్నాయి, పక్కనున్నవాళ్లు చూస్తున్నారు, నేను తింటూనే ఉన్నాను.